ముందు జింకకు మూడో కొక్కెం

సల్మాబాద్‌లో మా వర్క్‌షాపు ముందు ఎనిమిది జింకలను వరుసగా నిలబెట్టి రంగు ఆరబెడుతుంటే, పక్క గ్యారేజీలవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూసి పోయేవాళ్లు. గాడిదల్లా ఉన్నాయని ఒకడు, ఎద్దులకు చెట్టుకొమ్మలు కట్టినట్టుందని ఇంకొకడు. నాకు ఒళ్లు మండేది. సగంలో ఉన్న బొమ్మకు వంక పెట్టడం మా ఇంట్లో పెద్ద తప్పు. అయినా పరాయి దేశంలో కోపం దిగమింగుకోవడం కూడా డ్యూటీలో భాగమే కనుక బ్రష్షు కడుక్కుంటూ ఊరుకునేవాణ్ణి.

మాది నిర్మల్ వైపు బొమ్మలు చేసే ఇల్లు. తేలికైన పొనికి కర్రను చెక్కడం, చింతగింజలు నానబెట్టి రుబ్బి అందులో రంపపు పొట్టు కలిపి ఆ ముద్దతో కాళ్లూ చేతులూ అతికించడం, రంగులు వేయడం మా తాతల నాటి నుంచి వస్తున్న పని. దానితో ఇల్లు గడవక కార్పెంటర్ వీసా మీద బహ్రెయిన్ వచ్చాను. మా ఊళ్లో మాత్రం నేను దుబాయి పోయినట్టే లెక్క. గల్ఫ్ మొత్తానికి మా దగ్గర అదొక్కటే పేరు. ఇక్కడ నా చేత చేయించింది దుకాణాల అరలు, ఎగ్జిబిషన్ స్టాళ్లు, పెళ్లి వేదికలు. రెండున్నరేళ్లు ప్లైవుడ్ కోసి కోసి, నాకు బొమ్మలు వచ్చన్న సంగతే మరిచిపోయాను. అందుకే ఫోర్‌మన్ ఒక పెద్ద కాగితం నా ముందు పరిచి, ఇవి నువ్వే చెయ్యాలి అన్నప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మనామాలో ఒక పెద్ద హోటల్. క్రిస్మస్‌కు వాళ్ల లాబీలో పైకప్పు నుంచి ఎనిమిది జింకలు వేలాడాలి. వాటి వెనకాల ఒక బండి, బండిలో తెల్లగడ్డం తాత. జింకలు ఆ బండిని ఆకాశంలో లాక్కుపోతున్నట్టు కనిపించాలి. మా వైపు క్రిస్మస్ అంటే ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు, బడిలో దూది గడ్డం పెట్టుకున్న తాత. అంతవరకు తెలుసు. ఆ తాతకు జింకల బండి ఉంటుందని, అది ఎగురుతుందని అప్పుడే తెలిసింది. కాగితమంతా వెతికాను, ఎక్కడా రెక్కలు లేవు. గీసినవాళ్లు మరిచిపోయి ఉంటారని ఫోర్‌మన్‌తో అంటే, కేరళ మనిషి, చిన్నప్పటి నుంచి చర్చీకి పోయినవాడు, నన్ను పైనుంచి కిందికి చూశాడు. రెక్కలు దేవదూతలకు, జింకలు ఊరికే ఎగురుతాయి, ఖలాస్ అన్నాడు.

శుక్రవారం ఫోన్లో ఈ మాట నా భార్యకు చెప్పాను.

"రెక్కలు లేకుంట ఎట్ల ఎగురుతయి?" అంది.

"నేను తీగలు కట్టి ఎగిరిస్తున్న గదా."

"అబ్బో, పెద్ద మొగోనివి," అని నవ్వింది. నవ్విన వెంటనే ఆయాసపడింది. అప్పుడు ఆమెకు ఏడో నెల. ఆ ఎండాకాలంలో నేను సెలవుకు పోయి వచ్చినప్పటి కడుపు. అంతకుముందు రెండు పోయాయి. ఒకటి మూడో నెలలో, ఇంకొకటి ఐదో నెలలో. ఆమె తర్వాత మా అమ్మ ఫోను తీసుకుంది.

"ఏడో నెల పడ్డది కొడుకా. కోడిని కొయ్యకు. కొబ్బరికాయ కొట్టకు. జీవమున్నదాని మీద కత్తి పెట్టకు. యాదికున్నది గదా?"

"ఉన్నదమ్మా," అన్నాను. మేముండే క్యాంపులో వారానికోసారి చికెన్ కోసే వంతు కూడా అప్పటికే వేరేవాడికి ఇచ్చేశాను.

మా అమ్మ నిజంగా యాది చేసింది కోడి సంగతి కాదు. మా ఇంట్లో బొమ్మకు కళ్లు చివరికి పెడతారు. కొమ్ములు, చెవులు, గిట్టలు, మచ్చలు అన్నీ అయి, రంగు ఆరి, ఇక చెయ్యవలసింది ఏదీ లేదనుకున్నాకనే కళ్లు. కళ్లు పడ్డాయంటే అది చూస్తున్నట్టు. ఆ తర్వాత దాని మీద ఉలి పడకూడదు, మేకు దిగకూడదు. రెండో కడుపప్పుడు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. దుకాణం సేటు ఒక లేగదూడ బొమ్మను తిప్పి పంపాడు, వెనక కాలు పొడుగైంది, నిలబెడితే వొరుగుతోందని. నేను కోపం మీద ఉలి తీసుకుని, కళ్లు పెట్టిన దూడ కాలు చెక్కేశాను. మా నాయన చూసి లేచి బయటికి పోయాడు. ఆరో రోజు నా భార్యకు కడుపు పోయింది.

ఇది మూఢనమ్మకమని నాకు తెలియదనుకోవద్దు. ఇంటర్ దాకా చదివాను. ఒంట్లో రక్తం లేదు, బీడీలు చుట్టడం మానాలి అని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని అందరికీ చదివి వినిపించింది నేనే. కానీ ఆ కాగితం చదువుతున్నప్పుడు కూడా నా కళ్లు గూట్లో పెట్టిన ఆ దూడ మీదనే ఉన్నాయి.

జింకల పని నెల రోజులు పట్టింది. వెన్నెముకకు గట్టి కర్ర దూలం, పక్కటెముకలకు ప్లైవుడ్, కండకు థర్మకోల్, దాని మీద బట్ట అతికించి రంగు. కొమ్ముల అతుకులకు కంపెనీ ఇచ్చిన లప్పం పగుళ్లు తీస్తుంటే పారేసి, మెస్‌లో చింతపండు గింజలు అడిగి తెచ్చుకుని నా ముద్ద నేనే చేసుకున్నాను. ఆ అతుకు మీద వేలుతో రాస్తే కర్ర ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. నాలో నేనే మురిసిపోయాను. అన్నిటికంటే ముందుండే జింక మీద మరీ ప్రేమ. ముందు కాళ్లు పైకెత్తి, మెడ చాచి, ఇంకో అంగ వేస్తే పైకప్పు దాటి పోతుందన్నట్టు ఉండేది.

ఒక సాయంత్రం ఆ బొమ్మలు గీసిన మేడం వచ్చింది. ఎక్కడో ఉత్తరాన మంచుదేశం మనిషి. భర్త ఉద్యోగం మీద వచ్చి మనామాలో ఉంటూ హోటళ్లకు ఇలాంటి అలంకరణలు గీసి ఇచ్చేది. ఆమె ఇంగ్లీషు నాకు సగమే అందేది. మా పికప్ నడిపే భాయ్ మధ్యలో నిలబడి చెప్పేవాడు. భాయ్‌ది హైదరాబాద్ పాతబస్తీ. నాకంటే పదేళ్లు పెద్ద, నలుగురు పిల్లల తండ్రి. నన్ను తమ్మీ అనేవాడు. ఆయన కోపం కూడా నా కోపం లాంటిదే, కాకపోతే ఆయనకు పైకి అనేసే ధైర్యం ఉండేది.

ఒక్క జింకనైనా పూర్తిగా చూడాలని మేడం అడిగింది. మిగతా ఏడింటికీ ఇంకా చిన్నచిన్న పనులు ఉన్నాయి. ముందు జింకకు మాత్రం అన్నీ అయిపోయాయి. రెండు కొక్కేలు, నడుము మీద ఒకటి, వీపు నడిమధ్య ఒకటి, దూలంలోకి దిగేలా అప్పటికే బిగించి ఉన్నాయి. మెచ్చుకోలు కోసం ఆశపడే గుణం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. సన్న బ్రష్షు తీసి, ఆమె చూస్తుండగానే దానికి కళ్లు పెట్టాను. రెండో కంటిలో తెల్ల చుక్క పడగానే ఆమె చేతులు రెండూ చెంపల మీద పెట్టుకుంది.

"భాయ్, అడుగు. ఇవి నిజంగనే ఎగురుతయంటరా వాళ్ల దిక్కు?" అన్నాను.

ఆమె నవ్వుతూ చెప్పింది. భాయ్ నాకు చెప్పాడు. "వాళ్ల నాయనమ్మ ఊర్ల ఇవి మందలకు మందలు ఉంటయట. మంచు మీద ఉరుకుతుంటె కాళ్ల కింద మంచుపొడి లేస్తదట తమ్మీ. కాళ్లు కనిపియ్యవట. దూరంకెల్లి చూస్తె గాలిల పోతున్నట్టె ఉంటదట. క్రిస్మస్ ముందు రాత్రి వీటికని వాకిట్ల గడ్డి పెడుతుండెనట వాళ్ల నాయన. పొద్దున లేచి చూస్తె సగం తిని ఉంటుండెనట. నాయననే తీసేస్తుండెనని ఎనిమిదేండ్లకు గాని తెల్వలేదట."

"తెలిసినంక ఏం చేసింది?"

"ఏడ్చిందట. జింకలు రాలేదని కాదట. నాయన అన్నేండ్లు అబద్ధం ఆడిండని."

తర్వాత ఆమె జింక కొమ్మును తడుముతూ ఇంకేదో అంది. ఈసారి భాయ్ రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. "ఇవి మన దుప్పుల లెక్క కాదట. మన అడవిల కొమ్ములు మొగదానికె గదా. వీటిట్ల ఆడిటికి గూడ ఉంటయట. చలికాలం వచ్చేసరికి మొగయి కొమ్ములు రాల్చుకుంటయట. డిసెంబర్ల కొమ్ములు ఉన్నయంటె అది ఆడిదే. అది గూడ కడుపుతోని ఉన్నదట. ఈనేదాంక ఆ కొమ్ములు ఉంచుకుంటదట, తిండికాడ మొగవాటిని తరిమెటందుకు. ఆ తాత బండి గుంజేటియన్నీ ఆడియే అని మేడం నవ్వుతున్నరు."

భాయ్ కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నా చేతిలో బ్రష్షు ఇంకా తడిగా ఉంది. ఎదురుగా ఆ జింక, నేను ఇప్పుడే ఇచ్చిన కళ్లతో, నన్నే చూస్తోంది. నెల రోజులు దాన్ని మగదే అనుకుని చెక్కాను.

మర్నాడు పొద్దున డ్యూటీ ఎక్కేసరికి ఫోర్‌మన్ చేతిలో హోటల్ నుంచి వచ్చిన కాగితం ఉంది. వాళ్ల ఇంజినీరు లెక్కలు చూసి, ఒక్కో జింకకు రెండు కొక్కేలు చాలవు, మూడోది కావాలని రాశాడట. తల, కొమ్ముల బరువంతా ముందుకే ఉంది కనుక మూడో కొక్కెం భుజాల మధ్య బిగించాలి. మధ్యాహ్నానికి సామాన్ అంతా లోడ్ కావాలి.

ఆ ఇంజినీరు చెప్పింది సరైన మాటే. అది నాకు ముందే తోచవలసింది. ఏడు జింకలకు డ్రిల్లుతో రంధ్రం చేసి కొక్కేలు బిగించాను. వాటికి ఇంకా కళ్లు లేవు. ముందు జింక దగ్గరికి వచ్చి, భుజాల మధ్య పెన్సిల్‌తో గుర్తు పెట్టి, డ్రిల్లు ఆన్చి నిలబడ్డాను. మీట మీద వేలు పెట్టాను, నొక్కలేకపోయాను. కడుపుతో ఉన్నది. కళ్లు పెట్టినది. మళ్లీ మళ్లీ అదే మాట తలలో తిరిగింది. ఫోర్‌మన్ దగ్గరికి పోయి, ముందుదానికి రెండు చాలవా సార్ అని అడిగాను. ఎనిమిది జింకలు, ఇరవై నాలుగు కొక్కేలు, యల్లా, కానియ్ అన్నాడు. ఎందుకని ఆయన అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నవ్వుతాడని సిగ్గుపడ్డాను.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. కొక్కెం కింది మర భాగాన్ని రంపంతో కోసి పారేశాను. మిగిలిన తలకాయను చింతగింజల ముద్దతో జింక వీపు మీద, బట్ట మీదనే, అతికించాను. చుట్టూ రంగు దిద్దాను. ఎంత బాగా దిద్దానంటే, ఫోర్‌మన్ వచ్చి వేలు పెట్టి లెక్క చూసుకుని ఇరవై నాలుగు అన్నాడు. ఆ తర్వాతే మిగతా ఏడింటికీ కళ్లు పెట్టాను.

హోటల్లో వాటిని పైకెత్తి కట్టింది కూడా నేనే. ముందు జింక మూడో తీగను ఒక వెంట్రుక వాసి వదులుగా ఉంచాను, బరువు దాని మీద పడకుండా. కింద దూదితో మంచు పరిచారు. ముందు జింకకు సరిగ్గా కింద ఎర్ర గుడ్డ పరిచిన పెద్ద కుర్చీ వేశారు. అందులో గడ్డం తాత వేషగాడు కూర్చుంటాడని, రోజూ సాయంత్రం పిల్లలు అతని ఒళ్లో కూర్చుని ఫోటో దిగడానికి వరుసలో నిలబడతారని అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఒకవైపు నా భార్య కడుపులో బిడ్డ, ఇంకోవైపు ఆ కుర్చీ చుట్టూ చేరే పిల్లలు. వీళ్ల మధ్యా రెండు కొక్కేలు. వీపు నడిమధ్య ఉన్న కొక్కెం కర్రలో కొద్దిగా కదిలినా జింక ముందుకు వొరుగుతుంది. వొరిగితే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాడు బహ్రెయిన్‌లో లేడు.

భాయ్ మనామా వైపు సామాన్ కోసం పోయినప్పుడల్లా నేనూ ఏదో వంక పెట్టి పికప్ ఎక్కేవాణ్ణి. హోటల్ దగ్గర దిగి, రంగు చూసి వస్తానని లోపలికి పోయేవాణ్ణి. వేలాడదీసిన రోజు జింక మూతి మొదటి అంతస్తు కటకటాల పై కమ్మీకి సరిగ్గా సమానంగా ఉంది. నాలుగో రోజు పోయి చూస్తే ఒక వేలు కిందికి దిగింది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఏడో రోజు మూడు వేళ్లు. కింద కుర్చీ దగ్గర ఒక చిన్న పిల్ల, బంగారు అంచు గౌను వేసుకుంది, తల వెనక్కి వాల్చి జింకకు చెయ్యి ఊపుతోంది. అది తన వైపే చూస్తోందని వాళ్ల అమ్మకు చూపించింది. నిజమే, మూతి దిగడం వల్ల ఆ కళ్లు ఇప్పుడు నేరుగా కుర్చీ మీదికే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పొడుగునా జాతీయ దినం కోసం కట్టిన ఎరుపు తెలుపు దీపాలు వెలుగుతున్నాయి. భాయ్ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. నేను ఉన్నట్టుండి మొత్తం చెప్పేశాను. దూడ, ఐదో నెల, మా అమ్మ మాట, మేడం చెప్పింది, కోసిన కొక్కెం, మూడు వేళ్లు. భాయ్ పికప్‌ను పక్కకు తీసి ఆపాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మేకుకు ముద్ద పెట్టి అంటిచ్చినవా," అన్నాడు.

"అంటిచ్చిన."

"చూడు తమ్మీ. నీ నమ్మకం గురించి నేనేం మాట్లాడ. మా ఇంట్ల గూడ శానా ఉన్నయి అసొంటివి. గాని నీ బిడ్డ ఇంక కడుపుల ఉన్నది. ఈ పిల్లలు బయటికొచ్చి నడుస్తున్నరు. గంతే ఫరక్."

నేను తల వంచుకుని ఏడ్చాను. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"నేను కొడ్త డ్రిల్లు," అన్నాడు. "నీ చెయ్యి వద్దు. నేను కండ్లు పెట్టలే, నాకేం కాదు."

ఆ మాటకు ఎంత ఆశ పుట్టిందో ఒప్పుకోవాలి. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆయనకు నలుగురు పిల్లలు. దోషమనేది ఉంటే అది నా ఇల్లు వదిలి ఆయన ఇంటికి పోతుంది. లేదంటే పోయి పోయి మళ్లీ నా ఇంటికే వస్తుంది. ఎలా చూసినా ఇంకొకరి చేతిని అడ్డం పెట్టుకోవడమే అవుతుంది.

"వద్దు భాయ్. నేనే కొడ్త. రేపు పొద్దున తీస్కపో," అన్నాను.

కొమ్ముల రంగు లేస్తోంది, దిద్దాలి అని భాయ్ హోటల్ వాళ్లకు చెప్పి, మనిషిని పైకెత్తే లిఫ్టు బండి అడిగి తీసుకున్నాడు. అబద్ధమే. అప్పటికి నాకు ఇంకో అబద్ధం పెద్ద బరువనిపించలేదు. లాబీ ఖాళీగా ఉంది. పైకి పోయి, ముందుగా ఆ మూడో కొక్కేన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాను. లాగలేదు, పట్టుకున్నాను అంతే. అది చేతిలోకి వచ్చేసింది. ముద్ద ఏసీ గాలికి ఎండి పెళుసై బట్టను ఎప్పుడో వదిలేసింది. జింక మెడ కింద చెయ్యి వేసి బరువును భుజం మీదికి తీసుకున్నాను.

దాని కళ్లకు గుడ్డ కడదామని జేబులో రుమాలు తెచ్చుకున్నాను. తీసి, మళ్లీ పెట్టేసుకున్నాను. కట్టినంత మాత్రాన దానికి తెలియకుండా పోదు. "తప్పైంది తల్లీ," అన్నాను పైకే. మీట నొక్కాను. డ్రిల్లు చప్పుడుకు లాబీ అంతా మారుమోగింది. థర్మకోల్ దాటి దూలంలోకి దిగేటప్పుడు డ్రిల్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ పోయింది. ఆ ఆగడం నా మోచేతికి ఇప్పటికీ గుర్తుంది. సన్నని పొట్టు కింద తెల్ల దూది మీద రాలింది. భాయ్ వంగి దాన్ని అరచేత్తో ఊడ్చి జేబులో వేసుకున్నాడు. అసలైన కొక్కెం బిగించాను, పక్కన వదులైన రెండోదాన్ని కూడా తీసి పొడుగు మరదాన్ని వేశాను. తీగ లాగి కట్టాను. మూతి మళ్లీ కమ్మీకి సమానంగా లేచింది.

క్రిస్మస్ గడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. జనవరిలో జింకలను దించి తెచ్చి వర్క్‌షాపు వెనక గోదాంలో పెట్టారు. ముందుదాన్ని నేను గోడ వైపు తిప్పి పెట్టాను.

నా భయం మాత్రం అక్కడే మొదలైంది. ప్రతి శుక్రవారం బూత్‌లో కార్డు గీకి ఫోన్ చేసేటప్పుడు, అటువైపు మోగే గంటలు లెక్కపెట్టేవాణ్ణి. ఒక శుక్రవారం ఎవరూ ఎత్తలేదు. నాలుగు గంటలు ఆ బూత్ దగ్గరే తిరిగాను. సాయంత్రం ఎత్తి, డాక్టర్ దగ్గరికి పోయాం, అంతా బాగుందన్నారు అని చెప్పింది నా భార్య. "నీ గొంతు గట్లెందుకున్నది?" అని అడిగింది. జలుబు అన్నాను. జరిగింది చెబితే ఆమె కూడా భయపడుతుంది. చెప్పకపోతే నేనొక్కణ్ణే భయపడతాను. ఒక్కడే చాలుననుకున్నాను.

ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ చెప్పింది, తల్లీ పిల్లా బాగున్నారని. అక్కడితో ఊపిరి పీల్చుకోవలసినవాణ్ణి.

"అమ్మా, వీపు చూసినవా?" అన్నాను.

"ఏం వీపు?"

"పిల్ల వీపు. భుజాల నడుమ ఏమన్న మచ్చ, గుంత, అసొంటిదేమన్న ఉన్నదా?"

"మంచిగున్నది కొడుకా. ముక్కు నీదే. ఏం అడుగుతున్నవ్ నువ్వు?" అంటూ ఆమె ఎవరికో పిల్లనిచ్చి ఏదో చెబుతుండగా కార్డు అయిపోయింది.

వీపు చూసిన అని ఆమె అనలేదు. ఆ తర్వాత ఎంతమందిని అడిగినా, మంచిగున్నది అనేవాళ్లే కానీ వీపు చూశాననేవాళ్లు లేరు. ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత ఫోటోలు తెప్పించుకున్నాను. వెల్లకిలా పడుకున్న ఫోటో, ఒళ్లో కూర్చున్న ఫోటో, నెత్తికి రిబ్బను కట్టిన ఫోటో. పిల్లల ఫోటోలు వీపు వైపు నుంచి ఎవరు తీస్తారు. "నీ బిడ్డ మొఖం చూడు తమ్మీ, ఎంత మంచిగ నవ్వుతున్నదో," అని భాయ్ అనేవాడు. చూసేవాణ్ణి. కానీ నా మనసంతా ఫోటో అవతలి వైపు ఉండేది. ఆ మరుసటి డిసెంబరుకు అవే జింకలను మళ్లీ బయటికి తీసి తుడవమన్నారు. రంగు వాసనకు తల తిరుగుతోందని చెప్పి ఆ పని నుంచి తప్పించుకున్నాను.

సెలవు దొరికేసరికి పిల్లకు ఏడాది మీద మూడు నెలలు. ఇంటికి చేరేసరికి పొద్దున పదకొండు. చుట్టుపక్కల వాళ్లంతా వాకిట్లో ఉన్నారు. నా భార్య పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. కొత్త గౌను తొడిగింది, కాటుక పెట్టింది. చిన్నప్పటి నుంచి నా ఫోటో చూపించి నాయన అని చెబుతోందట. పిల్ల నన్ను చూసి, ఫోటోలో మనిషేనా అని ఆలోచించుకుంటున్నట్టు తల పక్కకు వంచింది. తర్వాత తనంతట తానే రెండు చేతులు నా వైపు చాచింది.

తీసుకున్నాను. ముద్దు పెట్టుకోలేదు, పేరు పెట్టి పిలవలేదు. తీసుకున్న చేత్తోనే ముంజేతి మీద బోర్లా తిప్పి, గౌను పైకి లాగి, భుజాల మధ్య వేళ్లతో తడిమాను. మెత్తని చర్మం, సన్నని వెన్ను. ఎక్కడా ఏమీ లేదు. మెడ నుంచి నడుము దాకా రెండోసారి తడిమాను. పిల్ల మొదట బిగుసుకుపోయింది. తర్వాత ఏడుపు అందుకుంది, ఊపిరి ఆగిపోతుందేమో అన్నంత ఏడుపు. నా భార్య నా చేతుల్లోంచి లాక్కుంది.

"ఏం వెతుకుతున్నవ్ దాని వీపు మీద?" అంది. వాకిట్లో అందరూ వింటున్నారు.

"ఏం లేదు," అన్నాను. అది నిజం కూడా.

రెండు నెలలు ఉన్నాను. బొమ్మలు తెచ్చాను, చాక్లెట్లు తెచ్చాను, నేల మీద గుర్రంలా నడిచాను. నా దగ్గరికి రాలేదు. నేను గదిలోకి వస్తే ఆడుతున్నది ఆపేసి, గోడకు వీపు ఆనించి, నేను ఎటు కదిలితే అటు తిరుగుతూ కూర్చునేది. అన్నం తినేటప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కూడా అంతే. నేను మళ్లీ విమానం ఎక్కేదాకా ఆ పిల్ల నా మీది నుంచి కళ్లు తీయలేదు.